ఐర్లండ్‌లోని జంట నిలువురాళ్లను చూడటానికి వెళ్లడం సార్థకమేనా?

ఐర్లండ్ పల్లెల్లో పొలాల మధ్య నిలిచి ఉండే జంట నిలువురాళ్ల (ప్రాచీన కాలంలో మనుషులు నిలువుగా పాతిన రెండేసి రాళ్ల) కోసం పనిగట్టుకుని వెళ్లవచ్చా, అక్కడ రెండు రాళ్లు తప్ప చూడటానికి ఏముంటుంది అని మీరు అడిగారు. కార్క్ కౌంటీలో అటువంటి జంటను చూసినవాడిగా, తప్పకుండా వెళ్లమనే చెబుతాను. అయితే రాళ్లను విడివిడిగా కాక, ఆ రెండూ కలిసి చూపే దిక్కును గమనించాలి.

కార్క్, కెర్రీ కౌంటీల్లోని ఈ జంటలు చాలావరకు కంచు యుగం నాటివి. వాటిలో ఎక్కువ భాగం ఈశాన్య, నైరుతి దిక్కులను కలుపుతూ పాతినవే. నేను చూసిన రాళ్లు రెండూ బల్లపరుపుగా ఉండి, వాటి వెడల్పు ముఖాలు ఒకే వరుసలోకి వచ్చేలా నిలబెట్టి ఉన్నాయి. పక్క నుంచి నిండుగా కనిపించిన ఆ రాళ్లు, వరుస చివరికి వెళ్లి నిలబడగానే ఒకదాని వెనుక ఒకటి ఒదిగి సన్నని అంచులా మారిపోయాయి, చూపు దానంతటదే నైరుతి కొండల మీదికి సాగింది. డిసెంబరు అయనాంతం నాడు, అంటే అక్కడ ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజున, అక్కడ సూర్యుడు అస్తమించేది ఆ వైపే. ఏ రెండు రాళ్ల మధ్యనైనా గీత గీయవచ్చు కాబట్టి, ఒక్క జంటను చూసి అది ఫలానా రోజును సూచిస్తుందని తేల్చడం తొందరపాటని నా అభిప్రాయం. ఆ ప్రాంతంలో ఇన్ని జంటలు, మరిన్ని రాళ్లున్న వరుసలు అదే దిక్కుకు మొగ్గడమే నాకు బలమైన ఆధారంగా తోస్తుంది.

దగ్గరికి వెళ్లాక మొదళ్లను కూడా పరిశీలించండి. పశువులు ఒళ్లు రుద్దుకోవడం వల్ల రాయి నడుము ఎత్తు వరకు నునుపుదేలింది, ఆపైన మాత్రం రాళ్ల మీద నాచులా పెరిగే బూడిదరంగు లైకెన్ పొరలు పొరలుగా అల్లుకుని ఉంది. పశువుల కోసమే రైతులు తరువాతి కాలంలో పాతిన ఒంటి రాళ్లు కూడా అక్కడి పొలాల్లో ఉన్నాయి కనుక, నిలువుగా ఉన్న ప్రతి రాయినీ ప్రాచీనమని నమ్మకూడదు.

పొద్దు వాలే వేళ ఏటవాలు వెలుతురులో రాతి మీది గుంటలు, చెక్కిన గుర్తులు స్పష్టంగా తేలుతాయి. అవి బాగా కనిపించాలని సుద్ద పూయడం గానీ, లైకెన్‌ను గీకడం గానీ దయచేసి చేయవద్దు. ఇవి చాలావరకు సొంత పొలాల్లో ఉంటాయి కాబట్టి ముందుగా రైతు అనుమతి తీసుకోండి, తీసిన గేటును తిరిగి వేయండి, మందలో ఆబోతు ఉంటే ఆ పొలంలో అడుగు పెట్టకండి.