సొంత బ్యానర్ పెడితే హక్కులు ఎవరి పేరున?

ప్రశ్న: అమెరికాలో నల్లజాతి దర్శకులు సొంత సంస్థలు పెట్టుకుని సినిమాలు తీశారని చదివాక నాకూ ధైర్యం వచ్చింది. మాది పాత గుంటూరు, దళిత కుటుంబం. మూడు షార్ట్ ఫిల్ములు తీశాను. మా పేట కథతో గంటన్నర సినిమా రాసుకున్నాను. నా దగ్గర 4 లక్షలు, స్నేహితుడి దగ్గర 6 లక్షలు ఉన్నాయి. పేటలో తలా 5 వేలు తీసుకుని, లాభం వస్తే పంచుదామనీ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ వసూళ్ల ఆలోచన మానుకోండి. 1919లో వచ్చిన తన తొలి సినిమాకు అమెరికా నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో రైతులకు వాటాలు అమ్మి డబ్బు కూడబెట్టారు. ఇక్కడ ఆ దారి పనికిరాదు. తిరిగి ఇస్తామని, పైన ఎంతో కొంత కలుపుతామని చెప్పి బంధువులు కానివారి దగ్గర పోగు చేస్తే 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం మెడకు చుట్టుకోవచ్చు. అందులో జైలు శిక్ష ఉంది. పేటవాళ్లను ఇల్లు, వాకిలి, వంట అడగండి. డబ్బు వద్దు.

మీరిద్దరే కాబట్టి పరిమిత బాధ్యత భాగస్వామ్యం, అంటే ఎల్ఎల్‌పి సరిపోతుంది. మామూలు భాగస్వామ్యంలో సినిమా అప్పు సొంత ఇంటి మీదికి వస్తుంది, ఇందులో రాదు. రిజిస్ట్రేషన్ అయిన 30 రోజుల్లో ఒప్పందం దాఖలు చేయాలి. చాలామంది ఎక్కడో దొరికిన నమూనా మీద సంతకం పెట్టేస్తారు, గొడవ అక్కడే మొదలవుతుంది. లాభం ఎలా పంచుకోవాలో రాయకపోతే చట్టం సగం సగం అంటుంది, మీ స్నేహితుడు అరవై శాతం అంటాడు, మీరేమో కథా దర్శకత్వం నావి కదా అంటారు. ఆ పనికి విలువ ఎంతో ఇప్పుడే అంకెల్లో రాసుకోండి. ఒకరు తప్పుకున్నా సినిమా హక్కులు సంస్థలోనే ఉంటాయనీ రాయండి. ఏటా మే 30కి ఒక ఫారం, అక్టోబరు 30కి మరొకటి వేయాలి. సినిమా తీయని ఏడాదైనా తప్పదు.

పేరు గురించి ఒక మాట. అమెరికా నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ సంస్థ పేరు ‘ఫార్టీ ఏకర్స్ అండ్ ఎ మ్యూల్’. బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాలకు 40 ఎకరాల చొప్పున భూమి అని 1865లో ఆదేశమిచ్చి, ఆ ఏడాదే వెనక్కి తీసుకున్నారు. ఆ దక్కని భూమినే ఆయన బ్యానర్ పేరు చేసుకున్నారు. మీ పేటలోనూ అలాంటి మాట ఒకటి దొరుకుతుంది, వెతకండి.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సింది కథ హక్కుల కాగితం. కథ మీదే అయినా సంస్థకు రాతపూర్వకంగా రాసివ్వాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోపు వాడకపోతే, వేరే షరతు లేనప్పుడు, హక్కు వెనక్కి పోతుంది. రేపు ఏ ఓటీటీ వాళ్లో ‘ప్రపంచ హక్కులు చూపించండి’ అంటే బేరం ఆగేది ఈ రెండు మూడు పదాల దగ్గరే. ఇక సంగీత దర్శకుడికి, పాటల రచయితకు థియేటర్ బయట వచ్చే రాయల్టీలో వాటాను కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ కాపాడుతోంది. ‘సర్వహక్కులు మావే’ అని రాయించుకున్నా ఆ వాటా పోదు.

10 లక్షల్లో 3 లక్షలు ఎడిటింగ్, సౌండ్, సెన్సార్, డీసీపీ (థియేటర్‌లో వేసే డిజిటల్ కాపీ)లకు వేరే ఖాతాలో వేసి తాకకండి. లక్ష అనుకోని ఖర్చులకు. రోజుకు 40 వేల చొప్పున 12 రోజుల షూటింగుకు 4.8 లక్షలు, మిగిలింది ముందస్తు పనులకు. స్పైక్ లీ తొలి ఫీచర్ సినిమా షూటింగు కూడా 12 రోజులే, కథ బ్రూక్లిన్ దాటదు. మీరూ పేట దాటకండి. ఉండవల్లి గుహల సీను ఉంటే పురావస్తు శాఖ అనుమతికి వారాల ముందే దరఖాస్తు పెట్టాలి.

మొదటి రోజు నుంచీ సెకనుకు 24 ఫ్రేముల్లోనే తీయండి. 25లో తీసి డీసీపీ కోసం 24కి నెమ్మదింపజేస్తే నిడివి 4 శాతం సాగి గొంతులు బొంగురుపోతాయి, సరిచేయడానికి మళ్లీ ఖర్చు. ఇళ్లలో తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపి, ప్రతి గదిలో 30 సెకన్లు ఉత్త నిశ్శబ్దం రికార్డు చేయండి, డైలాగుల మధ్య అతుకులు దాంతోనే కప్పాలి. ఫ్రిజ్ ఆపినవాళ్లు బండి తాళం అందులోనే పెట్టాలి. ఆన్ చేయడం మరిచి పాలు విరిగితే రెండో రోజు ఆ ఇంటి తలుపు తీయరు.

ప్రశ్న: సెన్సార్ అయ్యాకే గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్లను కలవాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రఫ్ కట్ (తొలి ఎడిటింగ్ ప్రతి) చేతికి రాగానే కలవండి. అమెరికాలో సినిమాల పబ్లిసిస్టుగా (ప్రచారకర్తగా) పనిచేసిన దర్శకురాలు ఎవా డువర్నే 2010లో నల్లజాతి సినిమాల కోసం పంపిణీ సంస్థే పెట్టారు. సినిమా తీయడంతో పని అయిపోదని ఆమెకు తెలుసు. కృష్ణా, గుంటూరు వేర్వేరు ఏరియాలు, విడిగా మాట్లాడాలి. చిన్న సినిమాను మొత్తం ధర ముందే ఇచ్చి ఔట్‌రైట్‌గా కొనేవాళ్లు అరుదు, కమీషన్ మీదే ఆడిస్తామంటారు. అప్పుడు పోస్టర్లు, డిజిటల్ చార్జీలు మీ మీదే పడతాయి. థియేటర్‌కు రెంటా, వసూళ్లలో పర్సెంటేజా అన్నది ఒప్పందంలో ఉండాలి. ఏ రోజు డీసీఆర్ (రోజువారీ వసూళ్ల నివేదిక) ఆ రోజు రాత్రే మీకు పంపాలని కూడా రాయించుకోండి. వారం తర్వాత అడిగితే లెక్క సరిచూసుకునే వీలుండదు.