గల్లీ ర్యాప్ వీడియో: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: స్లో మోషన్ షాట్లలో పెదాలు పాటతో కలవడం లేదు. ఎడిటర్ ఎంత జరిపినా కుదరట్లేదు. దారేమైనా ఉందా? (పాఠకుడు, వరంగల్)

జవాబు: ఇప్పటికే తీసిన షాట్లను దక్కించుకోవడం కష్టం. ఈ లెక్క షూటింగ్ రోజే కుదరాలి. వీడియో సెకనుకు 25 ఫ్రేములదైతే కెమెరాను 50కి పెట్టి, స్పీకర్లో పాటను రెండింతల వేగంతో వేయండి. ర్యాపర్ ఆ వేగాన్నే అందుకోవాలి. తర్వాత షాట్‌ను సగం వేగానికి తగ్గిస్తే పెదాలు అసలు పాట మీద పడతాయి, ఒంటి కదలిక మాత్రం నిదానిస్తుంది. హుక్‌కు, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవికి, ఇది చాలా బాగుంటుంది. మాటలు దూకే వెర్స్‌కు (చరణానికి) రెండింతల వేగంలో నోరు తిరగదు. అక్కడ కెమెరాను 30కి, పాటను 120 శాతానికి పెట్టండి.

వేగం పెంచిన ఈ ట్రాకులను పాటకు మిక్సింగ్ చేసినవాళ్లతోనే, ఫైనల్ మిక్స్ నుంచి చేయించుకోండి. తర్వాత పాటలో ఒక్క బార్ (తాళంలో ఒక ఆవర్తం) కోసినా అక్కణ్నుంచి షాట్లన్నీ తప్పుతాయి.

కెమెరా మైకు ఆపకండి, ఎడిటర్ ఆ శబ్దం పట్టుకునే షాట్‌ను పాటకు జత చేస్తారు. డాబా మీది ర్యాపర్‌ను దూరం నుంచి జూమ్‌తో తీస్తే ఇంకో చిక్కు. స్పీకర్ ర్యాపర్ పక్కనుంటే, 34 మీటర్ల దూరంలోని కెమెరాకు శబ్దం 0.1 సెకను ఆలస్యంగా చేరుతుంది. అంటే రెండున్నర ఫ్రేములు. పెదాలు పాటకన్నా ముందు కదులుతున్నాయంటే కారణం ఇదే. బొమ్మను రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా మొదలుపెట్టించండి.

ప్రశ్న: రాత్రి ట్యూబ్‌లైట్ల కింద తీస్తే గీతలు పాకుతున్నాయి. (పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఆ దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షటర్‌ను (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయాన్ని) 1/50 లేదా 1/100 సెకనుకు బిగించండి, ఆటోలో వదలొద్దు. చవక ఎల్ఈడీ బోర్డులు కొన్ని దీనికీ లొంగవు. వాటిని ఆర్పించి సొంత లైటు పెట్టుకోవడమే మేలు.

ప్రశ్న: యూట్యూబ్‌లో ‘ఫ్రీ’ అని ఉన్న బీటు మీద పాట చేశాం. వీడియో తీసిన మిత్రుడేమో వీడియో తనదంటున్నాడు. విడుదల చేయొచ్చా? (పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఆగండి. అలాంటి ‘ఫ్రీ’ చాలాసార్లు డబ్బు రాని వాడకానికే. బీట్‌మేకర్ షరతులు చదివి లీజు, అంటే బీటును వాడుకునే అనుమతి, కొనుక్కోండి. మామూలు లీజులో అదే బీటు ఇంకా పదిమందికి అమ్ముతారు కాబట్టి పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గర కంటెంట్ ఐడీకి (పాట ఎక్కడ వాడినా యూట్యూబ్ తానే పట్టుకునే ఏర్పాటుకు) ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే తోటి ర్యాపర్ల పాటల మీద మీ పేరుతో క్లెయిములు పడతాయి.

మిత్రుడితో కాగితం రాసుకోండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అమెరికాలోని తెలుగువాళ్లు కూడా చూసే వీడియోకు అది చాలదు, ‘ప్రపంచమంతటా’ అని రాయించండి. పైసా చేతులు మారకపోయినా కెమెరా, ఎడిటింగ్, కలర్, మిక్సింగ్ చేసిన ప్రతి ఒక్కరి పేరూ వీడియో కింద పడాలి, వాళ్లకు తర్వాతి పని దొరికేది ఆ పేరుతోనే. ఎడిట్ కాని ఫుటేజీ ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటుందో కూడా ఆ కాగితంలోనే రాయండి.