ప్లాటర్ గొడవ: ఆపరేటర్లు ఎందుకు రెండుగా చీలిపోయారు?

(బూత్ కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన సంచికలో ప్లాటర్ గురించి, అంటే సినిమా మొత్తాన్ని ఒకే చుట్టగా పళ్లెం మీద పెట్టి ప్రొజెక్టర్‌కి అందించే మెషీన్ గురించి, రెండే రెండు ముక్కలు రాసి వదిలేశాను. "ఫిలింని పాడు చేసింది ప్లాటరే" అని కొందరు, "అది లేకపోతే మల్టీప్లెక్సే లేదు" అని కొందరు ఉత్తరాలు రాశారు. వాటిలోంచి కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: 2023లో 'ఓపెన్‌హైమర్' విడుదలైనప్పుడు ఇంత పెద్ద చక్రం మీద ఫిలిం తిరుగుతున్న వీడియోలు చూశాను. మా ఊరి థియేటర్ ఆపరేటర్ రూమ్‌లో రెండు మెషీన్లు, రేకు డబ్బాల్లో రీళ్లు తప్ప అలాంటిదేమీ చూడలేదు. అసలు అదేమిటి? (ఎస్.ఆర్., తెనాలి)

అదే ప్లాటర్ అండీ. అయితే మీరు చూసింది ఐమాక్స్ 70 ఎంఎం వాళ్లది, మామూలు వాటికంటే చాలా పెద్దది. మూడు గంటల సినిమా కావడంతో ఆ ప్రింటు పొడవు దాదాపు 11 మైళ్లు, బరువు 600 పౌండ్లు, అంటే 270 కిలోల పైమాటే. ఉన్న పళ్లేలు చాలక అంచులకి అదనపు ముక్కలు బిగించుకున్నారు. (మన దేశంలో ఆ సినిమాని ఐమాక్స్‌లో చూశామని చెప్పుకునేవాళ్లంతా చూసింది డిజిటల్, అది వేరే సంగతి.)

మామూలు మల్టీప్లెక్సుల్లో నడిచింది 35 ఎంఎం ప్లాటర్. ఒక స్టాండుకి ఒకదాని పైన ఒకటిగా మూడు పళ్లేలు, నేలకి సమాంతరంగా తిరగలి రాయిలా తిరుగుతుంటాయి. ఒక్కోటి నాలుగడుగుల పైనే ఉంటుంది. ఇది ఎందుకు పుట్టిందో తెలియాలంటే కాస్త లెక్క చూడాలి. 35 ఎంఎం ఫిలిం సెకనుకి 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, సెన్సార్ సర్టిఫికెట్ భాషలో సుమారు 4,115 మీటర్లు. 2,000 అడుగుల రీలు నిండా చుట్టినా 22 నిమిషాలకే అయిపోతుంది. అందుకే రెండు మెషీన్లు ఉండేవి, ఒకదాని మీద రీలు ఆడుతుంటే రెండోదానికి తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉండాలి. తెర మీద కుడివైపు పై మూలన ఒక చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో మెషీన్ మోటార్ ఆన్ చెయ్యాలి. ఇంకో ఏడు సెకన్లకి మరో చుక్క, అప్పుడు బొమ్మ, సౌండు రెండూ ఈ మెషీన్ నుంచి ఆ మెషీన్‌కి మార్చాలి. ఆడేసిన రీలుని మళ్లీ వెనక్కి చుట్టాలి. షో అంతా ఇదే పని.

ప్లాటర్‌లో ఈ గొడవ లేదు. రీళ్లన్నీ వరసగా అతికించి ఒకే పెద్ద చుట్టగా పళ్లెం మీద పడుకోబెడతారు. ఫిలిం బయటి అంచు నుంచి కాదు, మధ్యలోంచి బయటికొస్తుంది. అక్కడ చిన్న రోలర్లు, ఒక కదిలే చెయ్యి ఉన్న భాగం ఉంటుంది, దాన్ని అమెరికా ఆపరేటర్లు బ్రెయిన్ అంటారు. ప్రొజెక్టర్ ఎంత లాగుతోందో ఆ చెయ్యి కనిపెట్టి పళ్లెం వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మొదట్లో మధ్య చుట్టు చిన్నది కాబట్టి పళ్లెం గబగబా తిరుగుతుంది, సినిమా సాగేకొద్దీ నెమ్మదిస్తుంది. ప్రొజెక్టర్ దాటిన ఫిలిం వెళ్లి ఇంకో పళ్లెం మీద మధ్యలోంచి బయటికి చుట్టుకుంటుంది. షో అయ్యేసరికి సినిమా మొదలు మళ్లీ మధ్యలోనే ఉంటుంది. వెనక్కి చుట్టే పనే లేదు, చుట్ట మధ్యలో ఉన్న రింగు తీసి మళ్లీ ఎక్కించడమే. మూడో పళ్లెం రాబోయే సినిమా అతికించుకోవడానికి.

దీన్ని 1960ల్లో జర్మనీలో థియేటర్ నడుపుకునే విల్లీ బుర్ట్ అనే ఆయన తయారుచేశాడు, కినోటాన్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. 1987 సంవత్సరానికి ఆస్కార్ అకాడమీ ఇద్దరికీ కలిపి సాంకేతిక పురస్కారం కూడా ఇచ్చింది.

ప్రశ్న: మా మేనమామ హనుమకొండలో పాతికేళ్లు ఆపరేటర్‌గా చేశారు. "అమెరికావాళ్లు ప్లాటర్ పెట్టి ఫిలింని చంపేశారు, గీతలన్నీ దాని వల్లే" అంటారు. అక్కడి ఆపరేటర్లూ ఇలాగే అంటారా? (కె.వి., వరంగల్)

అనేవాళ్లున్నారు, పళ్లు కొరికి మరీ అంటారు. నేను ముందు మన దగ్గర రెండు మెషీన్ల మీద, తర్వాత కొన్నాళ్లు న్యూజెర్సీలో ఒక మల్టీప్లెక్స్‌లో ప్లాటర్ల మీద పనిచేశాను కాబట్టి రెండు పక్షాల వాదనా చెవులారా విన్నాను. మీ మామయ్యగారి మాటలో సగం నిజం ఉందండీ, కానీ ఆయన తప్పంతా మెషీన్ మీదికి తోస్తున్నారు.

నిజమైన సగం ముందు చెప్తాను. రీళ్ల పద్ధతిలో గేటులో, అంటే ప్రొజెక్టర్‌లో ఫిలిం లైటు ముందు నుంచి వెళ్లే సందులో, ఏ ఇసుకరేణువో చిక్కి గీత పడినా అది ఆ రీలుకే, 20 నిమిషాల నష్టం, పైగా రీలు మార్చేటప్పుడు ఆపరేటర్ గేటు ఎలాగూ తుడుస్తాడు. ప్లాటర్ మీద ఏదో ఒక రోలర్ తిరగడం మానేసి బిగుసుకుపోయిందనుకోండి, మొదటి ఫ్రేము నుంచి చివరి పేర్ల దాకా ఒకే గీత, నిలువుగా, ఒక్క షోలో మొత్తం ప్రింటు గోవిందా. ఫిలిం పరుచుకుని గాలికి తెరిచే ఉంటుంది కాబట్టి దుమ్ము కూడా ఎక్కువే. పాప్‌కార్న్ నూనె పొగ బూత్‌లోకి వచ్చే థియేటర్లలో అయితే ఇక చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే భయపెట్టేది బ్రెయిన్ ర్యాప్, అంటే ఫిలిం బ్రెయిన్‌కి చుట్టుకుపోవడం. 1990ల్లో ప్రింట్ల ఫిలిం పట్టీ పాత అసిటేట్ ప్లాస్టిక్ నుంచి పాలిస్టర్‌కి మారింది. పాలిస్టర్ చేత్తో లాగితే తెగదు, కానీ చలికాలంలో హీటర్లు వేసిన పొడి గాలికి దానికి స్టాటిక్ పట్టేస్తుంది, పొర పక్క పొరకి అతుక్కుంటుంది. మధ్యలోంచి ఒక చుట్టు రావాల్సిన చోట రెండు మూడు చుట్లు కలిసి లేస్తాయి. అవి బ్రెయిన్‌లో చిక్కుకుంటాయి, పళ్లెం ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఫిలిం దాని చుట్టూ బిగుసుకుంటూ పోతుంది. అసిటేట్ అయితే పుటుక్కున తెగి ఊరుకునేది. పాలిస్టర్ తెగదు కదా, చిక్కు పడగానే మెషీన్‌ని ఆపే ఫెయిల్‌సేఫ్ స్విచ్ సమయానికి పడకపోతే రోలర్లు వంగిపోతాయి. నడుస్తున్న ప్రొజెక్టర్ టక్కున ఆగిపోతుంది, కింద హాల్లో జనం ఈలలు. చిక్కుముడిలోంచి ఆ ఫిలింని ముడతపడకుండా విప్పడానికి కొన్నిసార్లు గంట పట్టేది, ఒక్కోసారి కత్తిరించి అతకడం తప్ప వేరే దారే ఉండేది కాదు. అందుకే చలికాలం వస్తే బూత్‌లో హ్యుమిడిఫయర్ పెట్టేవాళ్లు, అది లేనివాళ్లు నీళ్ల బకెట్లు, తడి తువ్వాళ్లు పెట్టేవాళ్లు. ఎండాకాలం వచ్చేదాకా ఒకటే టెన్షన్.

ఇప్పుడు మెషీన్ తప్పు కాని సగం. రెండు మెషీన్ల బూత్‌లో మనిషి ఉండి తీరాలి, 20 నిమిషాలకోసారి చెయ్యి పడాలి కాబట్టి. ప్లాటర్, దానితోపాటు షో అంతా తనంతట తానే వెలిగే జినాన్ బల్బు, ఫిలిం అంచుకి రేకు ముక్క అంటిస్తే దాన్ని చూసి హాల్లో లైట్లు ఆర్పి వెలిగించే ఆటోమేషన్ వచ్చాక, ఒక మనిషి ఎనిమిది స్క్రీన్లు, పదహారు స్క్రీన్లు చూసుకోవచ్చని యజమానులకి అర్థమైంది. ఆ తర్వాత ఆ ఒక్క మనిషిని కూడా తీసేసి, కింద టికెట్లు చింపే కుర్రాడిని "పైకెళ్లి మెషీన్ ఆన్ చేసి రా" అనడం మొదలైంది. రోలర్ బిగుసుకుంటే చూసేవాడు లేడు, ఫోకస్ పోతే దిద్దేవాడు లేడు. గీత పడింది అందువల్ల. రోజూ రోలర్లు వేలితో తిప్పి చూసి, ఆల్కహాల్‌తో తుడిచి, మొదటి పది నిమిషాలు పక్కనే నిలబడే ఆపరేటర్ చేతిలో ప్లాటర్ మీద వందల షోలు ఆడిన ప్రింటు కూడా కొత్తదానిలా ఉండేది, నేను కళ్లారా చూశాను. నిజానికి రీళ్ల పద్ధతిలో ప్రతి షోకీ వెనక్కి చుట్టడం వల్ల పడే రాపిడి గీతలు ప్లాటర్ మీద అసలు ఉండవు, ఈ మాట మీ మామయ్యగారితో అని చూడండి, ఏమంటారో నాకు రాయండి.

యూనియన్‌లో ఉన్న పాత అమెరికన్ ఆపరేటర్లకి ప్లాటర్ మీద కోపం ఎందుకంటే అది వాళ్ల ఉద్యోగాలు తినేసింది. అది న్యాయమైన కోపమే. కానీ "బొమ్మ పాడవుతుంది" అన్న మాట వెనక దాచి చెప్తే మాత్రం నేను ఒప్పుకోను.

ప్రశ్న: ఒకే ప్రింటుని ఒకేసారి రెండు హాళ్లలో ఆడించొచ్చా? (ఎం.ఆర్., విశాఖపట్నం)

ఆడించారు. ఇంటర్‌లాక్ అంటారు. మొదటి ప్రొజెక్టర్ దాటిన ఫిలింని గోడల వెంట, సీలింగ్ కింద రోలర్ల మీదుగా పక్క ప్రొజెక్టర్‌కి తీసుకెళ్లి, అక్కణ్నుంచి పళ్లెం మీదికి. రెండు మోటార్లూ ఒకే వేగంతో నడవాలి. రెండో హాలు కొన్ని సెకన్లు వెనకబడి నడుస్తుంది, ప్రేక్షకుడికి తెలియదు. పెద్ద సినిమా మొదటి రోజు రాత్రి ఇలా నడిపే ఆపరేటర్ ముఖం చూస్తే జాలేస్తుంది, ఎక్కడ చిక్కినా రెండు హాళ్లూ ఆగిపోతాయి.

ప్రశ్న: మా దగ్గర పాత సినిమాలు వేసే ఒక థియేటర్ "మేం ప్లాటర్ వాడం, చేంజోవర్ మాత్రమే" అని గర్వంగా ప్రకటించుకుంటోంది. ప్లాటర్ అంత మంచిదైతే ఇదెందుకు? (ఒక తెలుగు పాఠకురాలు, టెక్సాస్)

చేంజోవర్ అంటే పైన చెప్పిన రెండు మెషీన్ల పద్ధతే. ఇక్కడ మాత్రం నేను పూర్తిగా రీళ్ల పక్షం. ప్లాటర్ ఎక్కించాలంటే ప్రతి రీలు మొదటా చివరా ఉండే లీడర్ ముక్కలు (బొమ్మ లేని అదనపు ఫిలిం) కత్తిరించి, సరిగ్గా ఫ్రేము గీత మీద టేపుతో అతకాలి. ఆడడం అయిపోయాక మళ్లీ విడదీసి, ఏ లీడర్ ఏ రీలుదో చూసి తిరిగి అతకాలి. జాగ్రత్తగా చేసేవాడు టేపు పీకేసి ఒక్క ఫ్రేము పోకుండా చేస్తాడు. తొందరలో ఉన్నవాడు కత్తెరేసి పక్క ఫ్రేము దగ్గర తెంపేస్తాడు, ఒక ఊళ్లో ఒక ఫ్రేము, ఇంకో ఊళ్లో రెండు ఫ్రేములు. ప్రింటు పది ఊళ్లు తిరిగొచ్చేసరికి ప్రతి రీలు చివర మాట సగంలో తెగి బొమ్మ ఎగురుతుంది. విడుదలకి వందల కాపీలు వేసే ప్రింటు అయితే పోతే పోయింది. ఆర్కైవ్‌లో ఉన్న ప్రింటుకి ఒక్కోసారి ఇంకో కాపీయే ఉండదు. అందుకే ఆర్కైవ్‌లు "కత్తెర పెట్టకూడదు, రెండు మెషీన్ల మీదే ఆడించాలి" అని షరతు పెడతాయి. ఆ థియేటర్‌కి ఆ ప్రింట్లు అద్దెకి దొరికేది ఆ షరతు ఒప్పుకున్నందుకే. మీరు వెళ్లినప్పుడు కుడి మూలన చుక్కలు కనిపెట్టండి, రెండో చుక్కకి బొమ్మ కుదుపు లేకుండా మారితే పైనున్న మనిషికి చెయ్యి తిరిగిందన్నమాట.

ప్రశ్న: మన సింగిల్ స్క్రీన్లలో ప్లాటర్ ఎందుకు పాతుకోలేదు? ఖరీదు వల్లేనా? (పి.ఎన్., రాజమహేంద్రవరం)

ఖరీదూ ఉంది, కానీ అదొక్కటే కాదు. ఒక ప్రింటుని రెండు థియేటర్లు పంచుకునే ఊళ్లు మనకి ఎన్ని ఉండేవో మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ రెండో రీలు ఎక్కగానే ఒకటో రీలు సైకిల్ మీద పక్క థియేటర్‌కి పరిగెత్తేది, అక్కడ షో అరగంట ఆలస్యంగా మొదలయ్యేది. ప్లాటర్ పెట్టుకుంటే సినిమా మొత్తం ఒకేచోట అతికించి ఉండాలి, పంచుకోవడం కుదరదు. పైగా ప్లాటర్ లాభం ఎక్కువ స్క్రీన్లు ఉన్నచోట. ఒక్క తెర ఉన్న హాల్లో ఆపరేటర్ ఎలాగూ ఉంటాడు, అసిస్టెంటూ ఉంటాడు, జీతం తక్కువ, మరి యజమాని దేన్ని మిగుల్చుకోవడానికి కొంటాడు? ఇంటర్వెల్ కూడా మనకి కలిసొచ్చింది. 6,000 అడుగుల పెద్ద రీలు గంట పైగా నడుస్తుంది, అలాంటివి పెట్టుకున్నవాళ్లకి సినిమా మొత్తానికి ఒకటో రెండో మార్పులు, అందులో ఒకటి జనం సమోసాలు కొనుక్కునే టైములో అయిపోతుంది. ఇక మల్టీప్లెక్సులు మన ఊళ్లకి జోరుగా వచ్చేసరికి సినిమాని ఫిలిం లేకుండా పంపే శాటిలైట్, హార్డ్ డిస్కులు కూడా వచ్చేశాయి, చాలామంది ప్లాటర్ మెట్టు ఎక్కకుండానే డిజిటల్‌కి దూకేశారు.

ప్రశ్న: మూతపడ్డ మా తాతగారి థియేటర్‌లో ఒక 35 ఎంఎం ప్రింటు, పాత మెషీన్లు రెండు ఉన్నాయి. ఊళ్లో ఒక్క షో వేద్దామని కోరిక. విదేశాల్లో పాత ప్లాటర్లు చవగ్గా వస్తున్నాయంటున్నారు, తెప్పించమంటారా? (టి., పశ్చిమ గోదావరి)

వద్దు. ఒక్క షోకి ప్లాటర్ దండగ, రవాణాకే ప్రాణం పోతుంది, దాన్ని సరిచేసేవాడు దొరకడు. ఉన్న రెండు మెషీన్లనీ నడిపించే పాత ఆపరేటర్‌ని వెతకండి. అయితే అంతకంటే ముందు డబ్బా మూత తీసి వాసన చూడండి. పుల్లటి వెనిగర్ వాసన వస్తే అసిటేట్ కుళ్లడం మొదలైందని అర్థం, ఫిలిం కుంచించుకుపోయి పళ్లచక్రాల మీద కూర్చోదు, చిరిగిపోతుంది. అలాంటిదాన్ని మెషీన్ ఎక్కించకండి, మిగతా ఫిలిం డబ్బాల పక్కన కూడా పెట్టకండి. వాసన లేకపోతే చేతికి నూలు గ్లవ్స్ వేసుకుని మొదటి రీలు నెమ్మదిగా చుట్టి పాత అతుకులు, చిరిగిన రంధ్రాలు చూసుకోండి. సినిమా పేరు, ఎన్ని రీళ్లున్నాయి, సెన్సార్ సర్టిఫికెట్ ముక్క ఉందా లేదా రాసి పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి ఒక ఉత్తరం పడెయ్యండి, వాళ్ల దగ్గర లేని ప్రింటు అయితే మీ షో సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.