అమ్మాయి రివ్యూలు రాస్తోంది, బీటెక్ వద్దంటోంది

ప్రశ్న: మాది ఒంగోలు. నేను జిల్లా పరిషత్ స్కూల్లో సోషల్ టీచర్‌ని. మావారు చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. కానీ ఎప్పుడు చూసినా బొమ్మల్లో కథ చెప్పే గ్రాఫిక్ నవలలు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. వాటి మీద రివ్యూలు రాస్తుంది, యూట్యూబ్‌లో వీడియోలు పెడుతుంది. శనివారం రాత్రుళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరెవరితోనో ఆడుతుంది. బీటెక్ వద్దు, రివ్యూయర్‌నే అవుతానంటోంది. ఒక గేమ్ డిజైన్ కోర్సు బ్రోషర్ కూడా తెచ్చిపెట్టుకుంది. వాళ్ళ నాన్నకి ఇంకా చెప్పలేదు. బీటెక్, డిజైన్, జర్నలిజం, ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, కోర్సుల గురించి మీరు అడిగింది చివరి వాక్యంలోనే. దానికి ముందున్నదంతా ఆ హెడ్‌ఫోన్స్ అవతల ఎవరున్నారోనన్న భయం, ఆయనకి ఎలా చెప్పాలోనన్న టెన్షన్. ముందు వాటి సంగతి చూద్దాం.

ఆ ఆట 1974లో అమెరికాలో పుట్టింది. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. అనుకున్నది జరిగిందా లేదా అన్నది చాలాసార్లు ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పందెం డబ్బులు ఉండవు. నాలుగు గంటలు ఒకరి మాట ఒకరు వింటూ అప్పటికప్పుడు కథ అల్లుకుంటూ పోవడమే ఆట. గది బయట నుంచి విన్నవాళ్ళకి వింతగా ఉండొచ్చు గానీ, అది చెడిపోయే దారి కాదు.

అయినా ముక్కూ మొహం తెలియనివాళ్ళతో రాత్రిపూట మాటలంటే తల్లిగా మీరు భయపడటం సహజమే. కాకపోతే దాన్ని ప్రశ్నలుగా మార్చి నేరుగా అమ్మాయినే అడగండి. గుంపులో ఎవరెవరున్నారు, ఏ వయసువాళ్ళు? ఆట మొదలుపెట్టే ముందు సెషన్ జీరో పెట్టుకున్నారా? అంటే కథలో ఏ విషయాలు రాకూడదో, ఎవరికైనా ఇబ్బందనిపిస్తే ఎలా ఆపాలో ముందే కూర్చుని మాట్లాడుకోవడం. మంచి గుంపులకి ఈ అలవాటు ఉంటుంది. ఆట బయట ఎవరైనా విడిగా మెసేజ్‌లు పెడుతున్నారా, ఫొటోలో అడ్రసో అడిగారా? ఈ చివరిదానికి అవునని జవాబొస్తే ఆ గుంపు మానిపించాలి, ఆటని కాదు.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను. ఇంత వివరంగా రాశారు, ఆమె రివ్యూ ఒక్కటి చదివానని మాత్రం ఎక్కడా రాయలేదు. ఊళ్ళో పిల్లలందరి నోట్సులూ దిద్దే చేతులు మీవి. ఇంట్లో పిల్ల రాసింది చదవకుండానే భవిష్యత్తు పాడైపోతుందని ఎలా తేల్చేశారు? బొమ్మల పుస్తకాలే కదా అనుకుంటున్నారేమో. సోషల్ టీచర్‌గా మీకు పనికొచ్చేదే ఒకటి చెబుతాను. 2011లో వచ్చిన ‘భీమాయన’ అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకళలో చెప్పిన గ్రాఫిక్ పుస్తకం. బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. దాన్ని మీరిద్దరూ చదివి, దాని మీద ఆమెని రివ్యూ రాయమనండి. కథ మొత్తం చెప్పేసి ‘సూపర్’ అని వదిలేసిందా, లేక ఫలానా పేజీలో బొమ్మ ఎందుకు అలా ఉందో, అది కథకి ఏం చేసిందో కారణంతో రాసిందా? రెండోదైతే ఆ పిల్ల దగ్గర అసలైన సరుకు ఉంది.

సరుకు ఉన్నంత మాత్రాన అది ఉద్యోగం కాదు. ఈ మాట అమ్మాయికి. తల్లీ, రివ్యూయర్ అనే పోస్టుకి నోటిఫికేషన్ పడదు. యూట్యూబ్ ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దానితో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, షార్ట్స్ అనే చిన్న వీడియోలకి 90 రోజుల్లో కోటి వ్యూస్ గానీ రావాలి. అక్కడికి చేరినా ఇంత చిన్న రంగంలో ఇల్లు గడిచేంత రావడం చాలా కష్టం. కంపెనీలు పుస్తకాలు ఉచితంగా పంపొచ్చు, వాటితో బియ్యం రావు. అలా ఉచితంగా వచ్చినదాని మీద వీడియో చేస్తే ఆ సంగతి చెప్పాలని 2021 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి (ఏఎస్‌సీఐ) నియమం కూడా ఉంది. ఆటలు రాసేవాళ్ళ సంగతి చూసినా, అమెరికాలో సైతం చాలామంది పదానికి ఇంత అని తీసుకునే ఫ్రీలాన్సర్లే. ఈ రంగంలో రాసేవాళ్ళలో ఎక్కువమందికి బతుకుతెరువు వేరే ఉంటుంది.

ఇక ఆ బ్రోషర్. లక్షల్లో ఫీజు, నూటికి నూరు ప్లేస్‌మెంట్ అని రాసి ఉంటుంది. నాకు వీటి మీద గట్టి అనుమానాలున్నాయి. గేమింగ్ కంపెనీలు ఎక్కువగా వెతికేది ప్రోగ్రామర్లనీ, త్రీడీ ఆర్టిస్టులనీ. పాచికలాటకి రూల్స్ రాసే మనిషిని కాదు. ఆ డిప్లొమాతో చాలామంది చేరేది టెస్టింగ్ పనిలో. పైగా నేర్చుకోవడానికి అంత డబ్బు అవసరమే లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే, ఎవరైనా వాడుకోనిచ్చే లైసెన్సు కింద అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. వాటి మీద ఒక చిన్న కథ తయారుచేసి స్నేహితులతో ఆడించి చూస్తే, డిజైన్ తనకి వచ్చో రాదో తేలిపోతుంది. ఎవరైనా పాత విద్యార్థుల ఫోన్ నంబర్లు ఇవ్వకుండా సీటు బుక్ చేసుకోమంటే లేచి వచ్చేయండి.

మీరు అడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. డిజైన్ అంటే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట, లేదా ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) వాళ్ళ సొంత పరీక్ష రాసి ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో. అది చేత్తో తయారుచేయడం ఇష్టపడేవాళ్ళకి. మీ అమ్మాయి బొమ్మలు వేస్తుందని మీరు చెప్పలేదు. రాయడం, వాదించడం ఆమె పని కాబట్టి ఇంగ్లిష్ ఆనర్స్ గానీ జర్నలిజం గానీ దగ్గరగా ఉంటాయి. వాటి నుంచి ఎడిటింగ్, అనువాదం, సబ్‌టైటిల్స్, కంటెంట్ రైటింగ్ వైపు దారులున్నాయి. మొదట్లో జీతం తక్కువే, అది దాచను. బీటెక్ సంగతికొస్తే, ఆమెకి లెక్కలు ఇష్టం లేవా, లేక ఈ రెండేళ్ళ స్టడీ అవర్స్‌తో విసిగిపోయిందా? నా దగ్గరికి వచ్చే పిల్లల్లో బీటెక్ వద్దనేవాళ్ళు చాలామంది నిజంగా వద్దంటున్నది ఆ విసుగునే. లెక్కలు ఇష్టమే అంటే బీటెక్ చేస్తూ శనివారాలు ఆడుకోవచ్చు, రాసుకోవచ్చు. ఇష్టం లేదంటే బలవంతంగా తోయకండి. బ్యాక్‌లాగులతో నాలుగేళ్ళు ఈడ్చినవాళ్ళకంటే నచ్చిన డిగ్రీ మంచి మార్కులతో పూర్తిచేసినవాళ్ళే త్వరగా నిలదొక్కుకుంటారు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నంత మాత్రాన ఏ దారీ మూసుకుపోలేదు.

వాళ్ళ నాన్నకి ఈ ఆదివారమే చెప్పండి. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకునే చెప్పండి, మీరు మధ్యవర్తిగా మాటలు మోయకండి. ‘రివ్యూయర్ అవుతుందట’ అని మొదలుపెట్టకండి. ఏ డిగ్రీ, ఎంత ఫీజు, హాస్టల్‌కి ఎంత, చదువయ్యాక మొదటి ఉద్యోగం ఏమై ఉండొచ్చు, ఇవి ఆమే ఒక కాగితం మీద రాసుకుని ఆయన ముందు పెట్టాలి. ఆ కాగితం ఒక కాపీ నాకూ పంపండి, లెక్కలు నేను చూసి చెబుతాను.