కొట్లాట ముగిశాక పది నిమిషాలు

అమ్మాయికి ఆశీస్సులు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కోతుల కలహాలను ఎంచుకున్నావనీ, కొండమీది గుడి దగ్గర తిరిగే గుంపును చూడబోతున్నావనీ తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన పట్టికలో తరమడం, కరవడం, అరవడం అన్నింటికీ గడులు ఉన్నాయి గాని, ఆ తర్వాత జరిగేదానికి ఒక్క గడి కూడా లేదు. కొట్లాడిన కోతితోనే ఆ రాత్రి ఒకే చెట్టు మీద పడుకోవలసిన జంతువు ఆ కొట్లాటను ఎలా ముగించుకుంటుందన్నదే నీ అసలు ప్రశ్న కావాలని నా అభిప్రాయం.

ఈ ప్రశ్నను గట్టిగా ముందుకు తెచ్చినవాడు ఫ్రాన్స్ డి వాల్ అనే జంతుప్రవర్తన శాస్త్రవేత్త. నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ జంతుప్రదర్శనశాలలో చింపాంజీలు పోట్లాడుకున్న కాసేపటికే ఒకదానినొకటి వెతుక్కుంటూ వెళ్ళి ముద్దుపెట్టుకోవడాన్ని, కౌగిలించుకోవడాన్ని గమనించి, 1979లో ఒక సహచరునితో కలిసి ప్రకటించాడు. అయితే పోట్లాడుకున్నవి ఎలాగూ దగ్గరలోనే ఉంటాయి కదా, వాటి కలయిక కాకతాళీయమే కావచ్చు కదా అన్న అనుమానం సహజంగానే వస్తుంది. ఆ అనుమానాన్ని తీర్చే పద్ధతిని 1983లో ఎర్రమూతి కోతుల అధ్యయనంలో వాడారు. నువ్వు దానినే అనుసరించు.

కొట్లాట ఆగిన క్షణం నుంచి దెబ్బతిన్న కోతిని మాత్రమే పది నిమిషాలు వెంబడించి, తనను తరిమిన దానితో మొదటి స్నేహస్పర్శ ఏ నిమిషంలో కలిగిందో రాసుకో. మరునాడు అదే వేళకు, కొట్లాట ఏదీ లేనప్పుడు, అదే కోతిని మళ్ళీ పది నిమిషాలు చూడు. మొదటిరోజు కలయిక రెండోరోజుకంటే ముందుగా జరిగిందా లేదా అన్న పోలికే నీకు ఆధారం. రెండోరోజు పరిశీలన విసుగనిపించి చాలామంది వదిలేస్తారు, కాని అది లేకపోతే మొదటిరోజు లెక్కలకు విలువ లేదు.

ఆ పది నిమిషాల్లో కళ్ళకు పని ఎక్కువ. కొబ్బరిముక్క దగ్గర తరిమివేతకు గురైన ఆడకోతి ప్రహరీగోడ ఎక్కి, గుంపుకు వీపు తిప్పి కూర్చుని, చంకలూ తొడలూ పదేపదే గోక్కోవడం నీకు కనిపించవచ్చు. దానిని దురదగా కొట్టివేయకు. పొడుగుతోక మకాక్‌ల (ఎర్రమూతి కోతికి దగ్గరి జాతి కోతుల) మీద జరిగిన అధ్యయనాల్లో కొట్లాట తర్వాత ఈ గోకుడు పెరిగి, రాజీ కుదరగానే తగ్గినట్టు తేలింది. అంటే అది ఆందోళనకు గుర్తు. కాసేపటికి తరిమిన కోతి పెదవులు చప్పరిస్తూ దగ్గరకు వచ్చి, పక్కన కూర్చుని పేలు చూడటం మొదలుపెడితే, ఎవరు ముందు కదిలారో తప్పక రాసుకో. రాజీకి బదులు దెబ్బతిన్నది తనకంటే చిన్నదానిమీద పడటమూ చూస్తావు, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. దానికీ ఒక గడి ఉంచు.

పళ్ళికిలించడాన్ని యాత్రికులు బెదిరింపు అనుకుంటారు. ఎర్రమూతి కోతుల్లో చప్పుడు లేకుండా పళ్ళు కనబరచడం లొంగుబాటు. రెప్ప వాల్చకుండా చూస్తూ నోరు తెరవడం బెదిరింపు. ఏది దేనికి పళ్ళు చూపుతోందో కొన్ని వారాలు రాస్తే గుంపులోని హోదాల వరుస దానంతటదే తేలుతుంది. ఆడ పిల్లకోతులకు తల్లి హోదా వెంటే హోదా వస్తుంది, పైగా సాధారణంగా చెల్లెలు అక్కను మించిపోతుంది. అందువల్ల వయసును బట్టి పెద్దరికాన్ని ఊహించకు.

ముందుగా మాత్రం నీ గుంపు ఏ జాతిదో తేల్చుకో. నడినెత్తిన టోపీలా పరుచుకున్న వెంట్రుకలు, పొడవాటి తోక ఉంటే అది దక్షిణాది టోపీ కోతి. తోక పొట్టిగా, నడుము వెనుకభాగం ఎరుపు తిరిగి ఉంటే ఎర్రమూతి కోతి. మన రాష్ట్రాల్లో రెండూ ఉన్నాయి. టోపీ కోతుల్లో మగవి పరస్పరం చాలా ఓర్పుగా మెలగుతాయి, ఒకదానినొకటి హత్తుకుని కూర్చుంటాయి, కనుక ఎర్రమూతి కోతుల గురించి చదివిన కాఠిన్యాన్ని వాటికి అంటగట్టకు. జాతిస్వభావం కూడా రాతిలో చెక్కినది కాదు: 1993లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఎర్రమూతి పిల్లకోతులను రాజీల్లో ఆరితేరిన మొండితోక మకాక్‌లతో ఐదు నెలలు కలిపి ఉంచితే, వాటి రాజీలు బాగా పెరిగాయి, వేరుచేసిన తర్వాత కూడా ఆ అలవాటు నిలిచింది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన ఫలితం ఇదే.

చేతిలో ప్రసాదం గాని సంచి గాని పెట్టుకుని గుంపులోకి వెళ్ళకు. తిండి చూపితే నువ్వే కొట్లాట పుట్టించి, దానినే నువ్వు లెక్కపెట్టినట్టవుతుంది. కళ్ళలోకి సూటిగా చూడకు. ఒకవేళ కరిచినా, గీరినా, గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబీస్ టీకా సంగతి చూసుకో. చెవి చీలికలు, మచ్చలు, వంకరతోకల ఆధారంగా గుర్తుపట్టిన కోతుల జాబితాను, మొదటి నెల పట్టికలను, రాజీ కుదరని కొట్లాటలతో సహా నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు