పచ్చదీపం వెలుగుతోంది, హూటర్ మోగడం లేదు

ప్రశ్న: మాది సెల్లారు, ఆపైన ఐదు అంతస్తులు ఉన్న అపార్ట్‌మెంటు. వాచ్‌మన్ గదిలో ఎనిమిది జోన్ల (విడివిడిగా గమనించే భాగాల) ఫైర్ అలారం ప్యానెల్ ఉంది. ఇటీవల ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) వారు వచ్చి మూడో అంతస్తు కాల్ పాయింట్‌ను (చేత్తో నొక్కే అలారం మీటను) నొక్కి పరీక్షించగా ప్యానెల్‌పై ఎర్రదీపం వెలిగింది కానీ, నాలుగు, ఐదు అంతస్తుల హూటర్లు మోగలేదు. ప్యానెల్ మాత్రం ఏ ఫాల్టూ చూపలేదు. కరెంటు తీసి చూస్తే ప్యానెల్ కొద్ది నిమిషాల్లోనే ఆరిపోయింది. తరచూ ఫాల్ట్ చూపుతున్న సెల్లారు జోన్‌ను డిజేబుల్ చేసి, రిపోర్టులో ‘ఓకే’ అని రాసి నన్ను సంతకం అడిగారు. ఏం చేయమంటారు?
– సంఘం కార్యదర్శి, విజయవాడ

జవాబు: ముందుగా, ఆ రిపోర్టుపై సంతకం చేయకండి. మీరు రాసిన మూడూ వేర్వేరు లోపాలు. ఏ అంతస్తులో ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో విడివిడిగా రాయించి తీసుకోండి.

హూటర్లు మోగకపోయినా ప్యానెల్ మౌనంగా ఉండటంలో వింత లేదు. మామూలు సమయంలో ప్యానెల్ హూటర్ల లైనులోకి తలకిందుల ధ్రువాలతో స్వల్ప కరెంటును పంపుతూ, లైను చివర ఉన్న ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ (కరెంటును కొంత నిరోధించే చిన్న భాగం) తగులుతున్నదా లేదా అని మాత్రమే చూస్తుంది. వైరు ఒక హూటర్ నుంచి మరో హూటర్‌కు వరుసగా సాగితేనే ఈ కాపలా ఫలిస్తుంది. పని సులువని మధ్యలో కొమ్మలాగా వైరు చీల్చి పై అంతస్తులకు ఇచ్చి ఉంటే, ఆ కొమ్మ తెగినా రెసిస్టర్ చెక్కుచెదరదు కనుక పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. హూటర్ లోపల కాలిపోయినా ఈ పద్ధతికి తెలియదు. అలారం మోగుతుండగా నాలుగో అంతస్తు హూటర్ టెర్మినళ్ల వద్ద మల్టీమీటర్ పెట్టించండి. 24 వోల్టుల వరకు వస్తుంటే లోపం హూటర్‌దే. ఏమీ రాకపోతే వైరుది. వైరును చీల్చి ఉంటే వరుసగా మార్చి వేయడమే సరైన మరమ్మతు. కొత్త హూటర్ బిగించి వదిలేస్తే ఈ లోపం మళ్లీ దాక్కుంటుంది.

ఇక బ్యాటరీలు. ఇలాంటి ప్యానెళ్లలో 12 వోల్టులవి రెండు వరుసగా కలిపి ఉంటాయి. కరెంటు లేకున్నా 24 గంటలు నిఘా, ఆపైన అరగంట అలారం నడవాలన్నది సాధారణంగా వేసుకునే లెక్క. నిఘాలో 0.2 ఆంపియర్లు, అలారంలో 1.5 ఆంపియర్లు తీసుకునే ప్యానెల్‌కు 4.8, 0.75 కలిపి 5.55 ఆంపియర్ అవర్లు (బ్యాటరీ సామర్థ్యపు కొలత) అవుతాయి. వయసుతో తగ్గే సత్తువ కోసం నాలుగో వంతు కలిపితే దాదాపు 7. మీ ప్యానెల్ అంకెలతో ఈ లెక్క వేయించి, దానికి తగిన జతనే కొనండి. ఒకటే పాడైనా రెండూ కలిపి మార్చాలి. మార్చేముందు చార్జర్ సుమారు 27 వోల్టులు ఇస్తోందో లేదో చూడాలి, లేకపోతే కొత్తవీ త్వరలోనే పోతాయి. గాలి ఆడని గదిలో విజయవాడ ఎండలకు బ్యాటరీ ఆయుష్షు బాగా తగ్గుతుంది కాబట్టి, వేసిన తేదీని బ్యాటరీపైనే రాయించండి.

సెల్లారు విషయం అన్నిటికన్నా తొందరది. బండ్లు, కరెంటు మీటర్లు సాధారణంగా ఉండేది అక్కడే. ఆ జోన్ వైర్లను ప్యానెల్ నుంచి విప్పి, జోన్ లైను చివర ఉండే రెసిస్టర్‌కు బదులుగా సరైన విలువ గల రెసిస్టర్‌ను నేరుగా ప్యానెల్ టెర్మినళ్లకు కలిపి చూడాలి. ఫాల్ట్ పోతే ప్యానెల్ కార్డు బాగున్నట్టు, లోపం బయటి లైనులో ఉన్నట్టు. అక్కడి నుంచి లైనును సగం సగం చేసుకుంటూ పోతే చెమ్మ చేరిన జంక్షన్ బాక్సో, రంగులు వేసేవారు విప్పేసిన డిటెక్టరో దొరుకుతుంది. కొందరు ఈ తతంగంలో మొదటి సగమే చేసి, రెసిస్టర్‌ను ప్యానెల్‌లోనే వదిలి వెళ్తారు. అప్పుడు జోన్ ‘బాగున్నట్టే’ కనిపిస్తుంది, దానికి ఒక్క డిటెక్టరూ తగిలి ఉండదు. ప్యానెల్ తలుపు తెరిపించి, వాడుకలో ఉన్న ఏ జోన్‌కైనా రెసిస్టర్ అక్కడే ఉందేమో చూడండి. ఖాళీ జోన్లకు మాత్రం అది అక్కడ ఉండటం సహజమే. మరమ్మతు పూర్తయ్యేదాకా సెల్లారులో రాత్రింబవళ్లు మనిషి తిరిగేలా ఏర్పాటు చేసి, నివాసులకు నోటీసు ద్వారా తెలపండి.

పనులు ముగిశాక అదే కాల్ పాయింట్‌ను ఒకసారి కరెంటుతో, మరోసారి కరెంటు తీసేసి పరీక్షించాలి. నివాసులకు ముందే చెప్పాలి. లిఫ్టుకో, పంపుకో అలారంతో సంబంధం ఉంటే ఆ సమయానికి దానిని విడదీసి, తర్వాత తిరిగి కలపాలి. డిజేబుల్ దీపం ఆరిపోయాకే లాగ్ బుక్‌లో సంతకం చేయండి.

ప్రశ్న: మా హాస్టల్‌లో అగరుబత్తి పొగతో డిటెక్టర్లను పరీక్షిస్తున్నారు. ఇది సరైనదేనా?
– వార్డెన్, వరంగల్

జవాబు: కాదు. ఆ పొగలోని జిడ్డు డిటెక్టర్ లోపలి గదిలో పేరుకుని, తర్వాత అకారణంగా అలారం రావడానికి దారితీస్తుంది. దీనికోసమే తయారైన స్ప్రే దొరుకుతుంది, తయారీదారు చెప్పినంత దూరం నుంచి కొద్దిగా కొడితే చాలు. వంటగదిలో ఉండేది వేడిని పసిగట్టే రకమైతే దానికి పొగ పనిచేయదు. వేడి గాలితో పరీక్షించాలి. అయితే ఒకసారి పనిచేశాక మార్చాల్సిన రకాలు కూడా ఉంటాయి కనుక లేబుల్ చదివి తేల్చుకున్న తర్వాతే వేడి తగిలించనివ్వండి.