సాల్మన్ ఎగురుతోంది కానీ ఫ్లై ముట్టదెందుకు?

ప్రశ్న: సెప్టెంబరు మూడో వారంలో స్కాట్లండ్‌లోని టే నదిలో ఫ్లై ఫిషింగ్‌కు (ఈకలూ దారాలూ చుట్టి కట్టిన ‘ఫ్లై’ అనే గాలంతో చేపలు పట్టడానికి) దిగాను. కళ్లెదుటే సాల్మన్ చేపలు ఎగిరి పడుతున్నాయి. పెట్టెలో ఉన్న ఫ్లైలన్నీ మార్చి మార్చి వేశాను, ఒక్క చేపా పడలేదు. ఒకసారి లైన్ లాగినట్టు అనిపించి గబుక్కున రాడ్ ఎత్తితే ఖాళీగా వచ్చింది. నేనేం మార్చుకోవాలి? అక్కడే ట్రౌట్ చేపలు పట్టాలంటే పద్ధతి వేరా?

జవాబు: ముందు ఆ చేపకు ఆకలి లేదన్న సంగతి గుర్తుపెట్టుకోండి. సముద్రం వదిలి నదిలోకి వచ్చిన అట్లాంటిక్ సాల్మన్ మేత మానేస్తుంది. గుడ్లు పెట్టేదాకా ఒంట్లోని కొవ్వు మీదే నెట్టుకొస్తుంది. అలాంటప్పుడు ఫ్లైని ఎందుకు అందుకుంటుందంటే, కొందరు కోపం అంటారు, కొందరు పాత అలవాటు అంటారు. కారణం ఏదైనా, తిండి చూపించి దాన్ని ఊరించలేం. అందుకే పెట్టెలోని ఫ్లైలన్నీ మార్చినా లాభం లేకపోయింది. సెప్టెంబరు రోజుల్లో అక్కడ నారింజ, ఎరుపు కలిసినవి ఎక్కువగా వాడతారు. క్యాస్కేడ్, ఆలీస్ ష్రింప్ అనే ఫ్లైలలో ఏదో ఒకటి కట్టుకుని, ఇక పెట్టె మూసేయండి. చూడాల్సింది నీటిని.

నది అంచున నీళ్లు తాకే చోట ఒక పుల్ల గుచ్చండి. కొండల్లో వాన పడి కొత్తనీరు వస్తే పుల్ల మునుగుతుంది. ఆకులూ బురదా కొట్టుకొస్తున్నంత సేపూ లైన్ తడపడం దండగ. అప్పుడు చేప ఎదురీదే పనిలో ఉంటుంది. మట్టం ఆగి, పుల్ల మళ్లీ బయటపడుతూ, మట్టిరంగు పోయి నీళ్లు పల్చటి డికాక్షన్ రంగుకు తిరిగాయా, ఇక ఒడ్డున కూర్చోకండి. నేనైతే ఆ కొన్ని గంటల కోసం భోజనం కూడా మానుకుంటాను. వానల్లేక నది చిక్కిపోయి, వారాల తరబడి ఒకే మడుగులో ఉండిపోయిన చేప మీద అంత ఆశ పెట్టుకోను. అవి ఎగిరినంత మాత్రాన పడతాయనుకోకండి. గాల్లోకి లేచి దబ్బున పడే చేపకంటే, తల, వీపు, తోక వరసగా చూపించి చప్పుడు లేకుండా మునిగే చేప మీద నాకు గురి ఎక్కువ.

ఎక్కడ వేయాలంటే, ఉరవడి ఎక్కి వచ్చిన చేప ఆ పైన మడుగు చివర, నీరు నున్నగా సాగే చోట కాసేపు ఆగుతుంది. చాలామంది నడిమి లోతు కోసం దాన్ని దాటి వెళ్లిపోతారు. అవతలి ఒడ్డు వైపు, దిగువకు ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో లైన్ వేయండి. వెంటనే లైన్ నడుమ భాగాన్ని ఎత్తి ఎగువకు మళ్లించండి. లేకపోతే ప్రవాహం దాన్ని వంచి ఫ్లైని పరుగెత్తిస్తుంది. ఫ్లై తాపీగా ప్రవాహానికి అడ్డం వచ్చి, మీకు సూటిగా దిగువన నిలవాలి. రెండడుగులు దిగి మళ్లీ వేయండి.

ఇక మీరు పోగొట్టుకున్న చేప. సాల్మన్ ఫ్లైని నోట కరిచి, తన చోటుకు తిరుగుతుంది. ఆ తిరగడంలోనే గాలపు ముల్లు దవడ మూలన దిగుతుంది. మొదట లైన్ బరువెక్కినట్టుంటుంది, తర్వాత రీల్ నెమ్మదిగా తిరగడం మొదలవుతుంది. అప్పుడు కూడా చెయ్యి కదపకండి. బరువు నిలకడగా చేతికి అందాక రాడ్ ఎత్తండి. అదిరిపడి ముందే ఎత్తితే దాని నోట్లోంచి మనమే ఫ్లై లాగేసినట్టు.

ట్రౌట్‌ది పూర్తిగా వేరే లెక్క. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే ముందు బాగా మేస్తుంది కాబట్టి, అక్కడ పురుగు పోలికే ముఖ్యం. గాలి వీచే రోజున గడ్డి మీంచి పొడుగుకాళ్ల క్రేన్ ఫ్లైలు నీళ్లలో పడతాయి. ఆ రూపంలో కట్టిన డ్రై ఫ్లైని (నీటిపై తేలే ఫ్లైని) సన్నటి, పొడవాటి లీడర్‌తో (లైన్‌నూ ఫ్లైనీ కలిపే తీగతో) ప్రవాహంలో స్వేచ్ఛగా వదలండి. చలి పెరిగేకొద్దీ పొద్దున్నే లేచి వెళ్లే కంటే మధ్యాహ్నం మేలు.

తేదీలు చూసుకోండి. టేలో సాల్మన్ వేట అక్టోబరు 15తో సరి, స్కాట్లండ్‌లో బ్రౌన్ ట్రౌట్ వేట అక్టోబరు 6తో సరి. ఆదివారాల్లో సాల్మన్ పట్టకూడదు. బ్రిటన్‌లో రాడ్‌తో పట్టిన అతి పెద్ద సాల్మన్ రికార్డు కూడా ఈ టేదే, ఏడాదిలో ఈ రోజులదే. 1922 అక్టోబరు 7న జార్జినా బాలంటైన్ 64 పౌండ్ల చేపను పట్టారు, ఫ్లైతో కాదు, ఎరతో.

మీకు పడే చేప ఒళ్లు రాగిరంగుకు తిరిగి, పొట్ట నిండుగా ఉంటే అది గుడ్లున్న ఆడది కావచ్చు. దయచేసి దాన్ని ఒడ్డుకు ఈడ్వకండి. మొనవెనక కొక్కి లేని ముల్లు వాడండి, చేతులు తడుపుకుని నీళ్లలోనే ముల్లు తీయండి. తల ఎగువకు పెట్టి, కింద చెయ్యి ఆన్చి పట్టుకోండి. తోక గట్టిగా కొట్టేదాకా వదలకండి, ఎంత సేపైనా సరే.